చెరిగిన ఆటను తిరిగి నిలుపుట

అనంతపురము పీఠభూమిలో ఎండకాలపు మధ్యాహ్నములు దీర్ఘమైనవి. సాలీనా 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వర్షము పడు ఈ సీమలో పొలముపని లేని దినములకు కొదువ లేదు. అట్టి దినములలో వేపచెట్టు నీడన బండమీద బొగ్గుతో గీతలు గీసి పులిజూదము ఆడుట పల్లెల పాత వాడుక. మూడు పులులు, పదునైదు మేకలు. గీతలు కలియు చోట్లు ఇరువదిమూడు. పులులవాడు మేకలమీదుగా పులిని దూకించి వాటిని చంపజూచును. మేకలవాడు పులులను కదలనీయకుండ కట్టివేయజూచును.

ఆట మంచి పట్టులో ఉండగా గాలివాన వచ్చినదనుకొందము. గులకరాళ్ళు చెదరినవి, బొగ్గుగీతలు చెరిగినవి. ఇందులో నిజముగా పోయినది ఏది? గీతలు పోయినందువలన నష్టము లేదు. ఊరిలో ఏ పిల్లవానినడిగినను వాటిని మరల గీసిపెట్టును. కాని ఏ పులి ఎచ్చట నున్నది, ఎన్ని మేకలు చచ్చినవి, ఇప్పుడు ఎత్తు ఎవరిది అను సంగతి ఆడుచున్న ఇద్దరికి తప్ప మూడవవానికి తెలియదు. దానిని ముందుగా ఒక చీటీపై వ్రాసికొన్నచో, మరునాడు వేరొక బండమీద గీతలు గీసి, ఆటను విడిచినచోటనే అందుకొనవచ్చును. లేనిచో మొదటినుండి ఆడవలసినదే.

కంప్యూటరులోని ఆటకును, ఫోనులోని ఆటకును ఇదే న్యాయము వర్తించును. ఇంటికంతకు ఫోను ఒకటే ఉన్నచోట, జాగా నిండినదని పెద్దలు ఒక ఆటను తొలగింతురు. కొన్నాళ్ళకు పిల్లలు దానిని మరల తెచ్చుకొందురు. ఆట వచ్చును గాని, నెలల తరబడి ఆడి సంపాదించినదంతయు కనుపించదు. అదే పనిని మరొక యింటిలో చేసినప్పుడు ఏమియు పోకపోవచ్చును. ఈ భేదమునకు కారణమేమి?

రెండు వస్తువులు, రెండు స్థానములు

ఆట అని మనము ఒక్క పేరుతో పిలుచునది నిజమునకు రెండు వస్తువులు. మొదటిది ప్రోగ్రాము: బొమ్మలు, ధ్వనులు, నియమములు. ఇది పులిజూదపు గీతలవంటిది. లోకములో లక్షలమంది వద్ద ఒకే రూపమున నుండును. రెండవది స్థితి: ఈ ఆటగాడు ఎంతవరకు వచ్చినాడు, అతనివద్ద ఏమేమి ఉన్నవి అను వివరము. దీనిని దాచిన ఫైలును సేవ్ ఫైలు అందురు. ఇది చీటీవంటిది, సాధారణముగా ఒక్కచోటనే ఉండును.

మైన్‌క్రాఫ్ట్ అను ఆట ఈ భేదమును చక్కగా చూపును. 2011 నవంబరులో పూర్తిరూపమున విడుదలైన ఈ ఆటలో కొండలు, అడవులు, గుహలు గల ప్రపంచము ఒక సంఖ్యనుండి పుట్టును. ఆ సంఖ్యను సీడ్, అనగా విత్తనము అందురు. ఆట కూర్పు అదియే అయినచో, అదే సంఖ్యను మరల ఇచ్చినప్పుడు ఆ కొండలు ఆ చోటులనే లేచును. కాని ఆటగాడు ఆ కొండ ప్రక్కన కట్టుకొన్న ఇల్లు ఆ సంఖ్యలో లేదు. విత్తనము నేలను తిరిగి ఇచ్చును. చేతి కష్టమును తిరిగి ఇయ్యదు. చేతి కష్టము ఉన్నది సేవ్ ఫైలులోనే.

స్థితిని వ్రాయుట ఎట్లు?

సేవ్ ఫైలులో ఏముండునో తెలియుటకు పులిజూదమునే అంకెలలోనికి మార్చి చూతము. ప్రతి చోటును ఖాళీగానైనను, పులితోనైనను, మేకతోనైనను ఉండవలెను. కంప్యూటరు వాడు అక్షరములు 0, 1 అను రెండే. ఖాళీకి 00, పులికి 01, మేకకు 10 అని నిర్ణయించినచో ఒక్కొక్క చోటునకు రెండు బిట్లు చాలును. ఇరువదిమూడు చోట్లకు 46 బిట్లు. ఇంకను బండమీదికి దింపని మేకలు 0 నుండి 15 వరకు ఉండవచ్చును గనుక దానికి 4 బిట్లు. ఎత్తు ఎవరిదో చెప్పుటకు 1 బిట్టు. మొత్తము 51 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 7 బైట్లలో ఆట స్థితియంతయు ఇమిడిపోవును. 'పులి' అను రెండక్షరముల మాటను నేటి కంప్యూటర్లలో వాడు యు.టి.ఎఫ్-8 పద్ధతిలో వ్రాయుటకే 12 బైట్లు కావలెను!

ఇందు మరొక విశేషము కలదు. చచ్చిన మేకల లెక్కను మనము వ్రాయలేదు. పదునైదు నుండి బండమీది మేకలను, దింపని మేకలను తీసివేసినచో అది తానే వచ్చును. అట్లే 11 అను గుర్తును దేనికిని వాడలేదు. చీటీలో ఎక్కడనైన 11 కనుపించినను, పులులు నాలుగైనను, ఆ చీటీ చెడినదని వెంటనే తెలియును. అనేక ఆటలు సేవ్ ఫైలును తెరచునపుడు ఇట్టి పరీక్షనే చేయును. లెక్క సరిపడనిచో ఫైలు చెడినదని చెప్పి ఆగిపోవును.

ఈ చీటీ పద్ధతి వట్టి ఉపమానము కాదు. 1987లో అమెరికాలో విడుదలైన మెట్రాయిడ్ అను ఆట, ఆటగాని స్థితిని 24 అక్షరముల సంకేతముగా తెరపై చూపెడిది. ఆటగాడు దానిని కాగితముపై వ్రాసికొని, మరునాడు తిరిగి అందించెడివాడు. అదే సంవత్సరము అక్కడ వచ్చిన జెల్డా అను ఆట పెట్టెలో చిన్న బ్యాటరీని అమర్చి, దాని బలముతో స్థితిని నిలిపిరి. బ్యాటరీ అయిపోయిన దినమున ఆటగాని కృషియు పోవును. ఆట మాత్రము ఎప్పటివలె ఆడును.

చీటీ ఎచ్చట నున్నది?

ఆటను తొలగించినపుడు సేవ్ ఫైలు నిలుచునా, పోవునా అనునది అది ఉన్న స్థానముపై ఆధారపడును. ముఖ్యముగా మూడు స్థానములు కలవు.

మొదటిది కంప్యూటరు. విండోస్ కంప్యూటరులో ఆటను స్థాపించునపుడు ఏ ఫైళ్ళను ఎచ్చట ఉంచినది ఒక జాబితాగా వ్రాసియుంచుట పరిపాటి. తొలగించునపుడు ఆ జాబితాలోని ఫైళ్ళనే తీసివేయును. ఆడుచుండగా పుట్టిన సేవ్ ఫైలు ఆ జాబితాలో ఉండదు గనుక తరచుగా మిగిలిపోవును. పైగా ఆటలు దానిని వేరొక చోట దాచును: డాక్యుమెంట్స్, సేవ్డ్ గేమ్స్ అను ఫోల్డర్లలో గాని, యాప్‌డేటా అను కంటికి కనపడని ఫోల్డరులో గాని. మైన్‌క్రాఫ్ట్ జావా కూర్పు తన ప్రపంచములను యాప్‌డేటా లోపల, తన పేరుగల ఫోల్డరులో, సేవ్స్ అనుచోట ఉంచును. పాత ఆటలలో కొన్ని ప్రోగ్రాము ప్రక్కనే సేవ్ ఫైలును కూడ ఉంచును. అట్టివాటి ఫోల్డరును మొత్తముగా తుడిచినచో రెండును పోవును.

రెండవది ఫోను. ఆండ్రాయిడ్ ఫోనులో ప్రతి ఆటకును ఒక సొంత గది ఇయ్యబడును. ఆటను తొలగించినపుడు గదితో సహా లోపలి సామానంతయు పోవుట సాధారణ నియమము. కంప్యూటరులో నిలిచినది ఫోనులో పోవుటకు కారణమిదే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుండి ఒక్కొక్క యాప్ వివరములను 25 మెగాబైట్ల వరకు గూగుల్ ఖాతాలో దాచు ఏర్పాటు ఉన్నది. కాని ఆటను తయారుచేసినవారు వలదని నిర్ణయించినచో అది జరుగదు. ఐఫోనులో 2017 నుండి 'ఆఫ్‌లోడ్' అను మార్గము కలదు. అది ప్రోగ్రామును మాత్రము తీసివేసి, ఆటగాని వివరములను ఉంచివేయును. జాగా కొరకు ఆటను తీయువారికి ఇది మేలైన దారి.

మూడవది దూరమందలి సర్వరు. పదిమంది కలిసి ఆడు ఆటలలో స్థితియంతయు ఆట సంస్థవారి సర్వరులో ఆటగాని ఖాతా పేరున నుండును. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్ ఆటను భారత ప్రభుత్వము నిషేధించినది. 2021 జూలైలో దాని స్థానమున బీజీఎంఐ అను ఆట వచ్చినపుడు, పాత ఖాతాలోని సంపాదనను కొంతకాలమువరకు క్రొత్తదానిలోనికి మార్చుకొను అవకాశము ఇచ్చిరి. ప్రోగ్రాము పేరే మారినను స్థితి నిలిచినది. అయితే 'గెస్ట్'గా, అనగా ఏ ఖాతాయు లేక ఆడువానికి ఇట్టి రక్షణ దొరకుట కష్టము. చీటీమీద పేరు లేనపుడు అది ఎవరిదో చెప్పుట ఎట్లు?

చేయవలసిన క్రమము

తొలగించుటకు ముందు ఈ వరుసను పాటించినచో నష్టము కలుగదు.

1. ఆటను పూర్తిగా మూసివేయవలెను. తెరచియున్న ఆట సేవ్ ఫైలును వ్రాయుచుండవచ్చును. సగము వ్రాసిన చీటీని నకలు చేసిన ప్రయోజనము లేదు.

2. చీటీ ఏ స్థానములో నున్నదో తెలిసికొనవలెను. కంప్యూటరైనచో ఒకసారి ఆడి, సేవ్ చేసి, ఏ ఫైలు తేదీ, గంట మారినదో చూచిన చాలును. ఫోనైనచో ఆట అమరికలలో ఖాతా ముడిపడియున్నదేమో చూడవలెను.

3. ఆ ఫోల్డరును మొత్తముగా నకలు తీసి పెన్ డ్రైవులోనో, మరొక కంప్యూటరులోనో ఉంచవలెను. నకలు పేరులో తేదీని చేర్చుట మంచిది. ఫోనులోని మైన్‌క్రాఫ్ట్‌లో ప్రపంచమును ఒకే ఫైలుగా ఎగుమతి చేయు సౌకర్యము ఆటలోనే కలదు.

4. ఇప్పుడు ఆటను తొలగించి తిరిగి స్థాపించవలెను. తొలగించునపుడు 'సేవ్ ఫైళ్ళను కూడ తీసివేయవలెనా?' అని అడిగినచో వలదని చెప్పవలెను.

5. క్రొత్తగా వచ్చిన ఆటను ఒకసారి తెరచి మూయవలెను. అప్పుడది తన ఫోల్డర్లను తానే ఏర్పరచుకొనును. పిదప నకలును పూర్వపు స్థానమున ఉంచి, ఆటను తెరచి చూడవలెను.

6. ఆట విడిచినచోటనుండి సాగినదని కంటితో చూచినవరకు నకలును తుడువరాదు. తెరచి చూడని నకలు ఉన్నట్లు లెక్క కాదు.

మోసపుచ్చు సందర్భములు

ఈ క్రమమును పాటించినను మూడుచోట్ల జాగ్రత్త అవసరము. మొదటిది కూర్పుల భేదము. క్రొత్త కూర్పులో తెరచిన సేవ్ ఫైలును పాత కూర్పు చదువలేకపోవచ్చును. కనుక తీసివేసిన కూర్పునకంటె పాతదానిని స్థాపించరాదు.

రెండవది క్లౌడ్. 2003లో ప్రారంభమైన స్టీమ్ అను ఆటల అంగడి 2008 నుండి అనేక ఆటల స్థితిని తన సర్వరులో కూడ దాచుచున్నది. కంప్యూటరులో ఒక స్థితి, సర్వరులో వేరొక స్థితి కనుపించినపుడు ఏది కావలెనని అది అడుగును. తొందరపడి మీట నొక్కినచో నెల క్రిందటి చీటీ నిన్నటి చీటీని కప్పివేయును. రెండింటి తేదీలను చదివిన తరువాతనే జవాబియ్యవలెను.

మూడవది విద్యుత్తు. వ్రాయుచుండగా కరెంటు పోయినచో ఫైలు సగములో ఆగును. అందువలన జాగ్రత్త గల ఆటలు క్రొత్త స్థితిని వ్రాయునపుడు పాతదానిని వెంటనే చెరిపివేయవు. మైన్‌క్రాఫ్ట్ తన ముఖ్యమైన ఫైలు ప్రక్కన దాని పాత నకలును 'ఓల్డ్' అను తోకతో ఉంచుట ఇందుకే. కరెంటు తరచుగా పోవు ఊళ్ళలో నకలు తీయుటకు ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండియున్న సమయము మంచిది.

తరగతిలో ఒక ప్రయోగము

కంప్యూటరు లేని పాఠశాలలోను ఈ పాఠమును చెప్పవచ్చును. నల్లబల్లపై పులిజూదపు గీతలు గీసి, చోట్లకు 1 నుండి 23 వరకు అంకెలు వేయవలెను. ఇద్దరు విద్యార్థులు పది ఎత్తులు ఆడిన తరువాత స్థితిని 51 సున్నలు, ఒకట్లుగా ఒక చీటీపై వ్రాయవలెను. బల్లను తుడిచివేసి, ఆ చీటీని ఆట చూడని మరొక తరగతివారికి పంపవలెను. వారు గీతలు గీసి, చీటీనిబట్టి పులులను, మేకలను నిలిపి ఆటను సాగింతురు. తరువాత ఉపాధ్యాయుడు చీటీలో ఒకే ఒక్క అంకెను మార్చి ఇచ్చి, విద్యార్థులు తప్పును కనిపెట్టగలరేమో చూడవలెను. కొన్ని తప్పులు దొరకును. ఖాళీచోట మేక లేచుట, ఉన్న మేక మాయమగుట వంటివి దొరకకపోవచ్చును. అట్టివాటిని కూడ పట్టుటకు చీటీ చివర ఇంకేమి వ్రాయవలెనో ఆలోచించుట వారికి మంచి అభ్యాసము.

ఆట పిల్లల వ్యవహారమే కావచ్చును. కాని విద్యార్థి ప్రాజెక్టు వ్యాసము, ఉపాధ్యాయుని మార్కుల పట్టిక, ఇంటివారి ఛాయాచిత్రములు కూడ ఈ జాతివే. వాటిని తెరచు ప్రోగ్రాము ఎక్కడనైనను దొరకును. అవి మాత్రము మరెక్కడను దొరకవు.

ఈ సీమ వేరుశనగ రైతునకు ఈ సంగతి క్రొత్తది కాదు. తొలకరికి విత్తిన తరువాత వాన మొగము చాటువేసినచో మొలకలు ఎండిపోవును. అప్పుడు నేల ఎచ్చటికిని పోదు, నాగలియు పోదు. మరల వాన పడిననాడు తిరిగి విత్తగలవాడు, కొంత విత్తనమును పొట్టుతోనే మూటగట్టి వేరుగా దాచినవాడు మాత్రమే.