ట్రాష్‌లో మొండికేసే ఫైళ్లు

రీసైకిల్ బిన్‌లో వేసిన ఫైలు వెంటనే చెరిగిపోదు. అదే డ్రైవ్‌లో కనబడని ఫోల్డర్‌కు మారి, చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. బిన్ ఖాళీ చేయబోతే కొన్ని ఫైళ్లు కదలవు. సాధారణంగా ఏదో ప్రోగ్రామ్ వాటిని ఇంకా పట్టుకుని ఉంటుంది. ఎత్తిపోతల జలపాతం దగ్గర తీసిన వీడియోను మాక్ కంప్యూటర్‌లో ప్లేయర్ మూయకుండానే ట్రాష్‌లో వేస్తే, ఖాళీ చేసేటప్పుడు అది వాడుకలో ఉందన్న సందేశం రావచ్చు. ప్లేయర్ మూసేస్తే చాలు. విండోస్‌లో యాంటీవైరస్ తనిఖీ కూడా ఇలాగే అడ్డుపడుతుంది. ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో తెలియకపోతే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడమే అన్నిటికంటే మేలైన మార్గం. అప్పటికీ కదలకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించాలి. మాక్‌లో తాళం గుర్తున్న ఫైలుకు ముందు ఆ లాక్ తీయాలి. డిస్క్ లోపమని అనుమానముంటే మాత్రం మరమ్మతుకు ముందే అవసరమైన ఫొటోలు, పత్రాలు వేరే చోట దాచుకోవాలి.