రాత్రి పదికి మూసే కొట్టు

మొన్న వేసవి సెలవుల్లో మావారి ఖాతా లావాదేవీలు చూస్తూ ఒకచోట ఆగిపోయాను. 159 రూపాయలు. మూడు రోజులకు మళ్ళీ 159. అలా ఎనిమిది సార్లు, మొత్తం 1,272 రూపాయలు. ఆయన్ని అడిగితే తనకేమీ తెలియదన్నారు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం తల వంచుకు కూర్చుంది. ఫోనులో ఆడే ఒక ఆటలో రత్నాలు కొన్నదట. పాలబ్బాయికి డబ్బులు పంపడానికని యూపీఐ పిన్ తనకు చెప్పింది నేనే. శాఖలో రోజూ ఖాతాదారులకు "పిన్ ఎవరికీ చెప్పకండి" అని పాఠం చెప్పేదీ నేనే!

గట్టిగా కేకలేయబోయాను. అంతలో తను అన్న మాట నన్ను ఆపింది. "అవి డబ్బులనిపించలేదమ్మా. రత్నాలేగా అనుకున్నాను."

ఆశ్చర్యం ఏమిటంటే, ఇదే పిల్ల మరో ఆటలో మహా పొదుపరి. డాలస్‌లో ఉండే మా తమ్ముడు రెండేళ్ళ కిందట వస్తూ మేనకోడలికి నింటెండో స్విచ్, దానితోపాటు 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' అనే ఆట తెచ్చాడు. అందులో ఒక సోఫా కొనడానికి వారం రోజులు పండ్లు కోసి, చేపలు పట్టి అమ్ముతుంది. ఒక ఆటలో అంత జాగ్రత్త, మరో ఆటలో ఇంత అజాగ్రత్త ఎలా వచ్చాయి? తేడా పిల్లలో ఉందా, కొట్టులో ఉందా? అది తేల్చుకోవడానికి నెల రోజులు తన పక్కన కూర్చుని ఆ ఆటల్లోని కొట్లను పోల్చి చూశాను. ఇంట్లో పిల్లలున్న మన బ్యాంకు కుటుంబాలకు పనికొస్తుందని ఇక్కడ పంచుకుంటున్నాను.

అప్పిచ్చి తొందరపెట్టని నూక్

యానిమల్ క్రాసింగ్ ఆటలు జపాన్‌లో 2001లో మొదలయ్యాయి. గెలుపోటములు లేవు. మాట్లాడే జంతువులు ఇరుగుపొరుగుగా ఉండే ఒక ఊళ్ళో మనం కాపురం పెడతాం, అంతే. దీన్ని రూపొందించిన కత్సుయా ఎగుచి ఉద్యోగం కోసం చిబా నుంచి క్యోటోకు వచ్చి, అయినవాళ్ళకు దూరమైన వెలితిలోంచి ఈ ఆలోచన పుట్టిందని చెప్పారు. బదిలీ మీద కొత్త ఊరు చేరి, క్వార్టర్స్‌లో సామాను విప్పుకునే మన కుటుంబాలకు ఆ వెలితి తెలియనిది కాదు.

ఈ ఊళ్ళో డబ్బు పేరు బెల్స్. కొట్టు యజమాని టామ్ నూక్. జపాన్‌లో తనుకి అనే, కుక్క జాతికి చెందిన జంతువు రూపం ఆయనది. 2002లో అమెరికాలో విడుదలైన ఆటలో మనం రైలు దిగేటప్పుడు చేతిలో ఉండేది 1,000 బెల్స్. ఇంటి ఖరీదు 19,800. మిగతాది అప్పు. ఆ అప్పులో కొంత తీర్చడానికి నూక్ తన కొట్టులోనే పని ఇస్తాడు. మొక్కలు నాటాలి, సామాన్లు చేరవేయాలి. అప్పుకు వడ్డీ లేదు, గడువూ లేదు. రుణాల విభాగంలో పనిచేసే నాకు ఇది చూసి నవ్వొచ్చింది. ఇలాంటి బ్యాంకు ఎన్నాళ్ళు నిలబడుతుంది చెప్పండి! కానీ పిల్లలకు మొదటి పాఠం అందులోనే ఉంది. ఇల్లు కావాలంటే అప్పు ఉంటుంది, అప్పు ఉంటే పని ఉంటుంది.

కొట్టు పెరిగే తీరు

ఆ మొదటి ఆటలో నూక్ కొట్టు చిన్న పాకలా మొదలై నాలుగు దశల్లో రెండంతస్తుల పెద్ద దుకాణం అవుతుంది. మనం జరిపే క్రయవిక్రయాలను బట్టే ఆ ఎదుగుదల. చివరి దశకు ఇంకో షరతు ఉంది. పొరుగూరి నుంచి మరో ఆటగాడు వచ్చి అక్కడ ఏదైనా కొనాలి. అంటే మన బేరం ఒక్కటే చాలదు, అతిథి కూడా రావాలి.

2012లో జపాన్‌లో వచ్చిన 'న్యూ లీఫ్' ఆటలో మనమే ఊరికి మేయరు. అక్కడ నూక్ ఇళ్ళ వ్యాపారానికి మారిపోతాడు. కొట్టు బాధ్యత టిమ్మీ, టామీ అనే చిన్నవాళ్ళ మీద పడుతుంది. ఇది ఐదు దశల్లో పెరుగుతుంది. మన వస్తువులు అమ్ముకోవడానికి రీ-టెయిల్ అనే వేరే కొట్టుంది. మేయరుగా మనం ఒక నిబంధన పెడితే ఊళ్ళో అమ్మకం ధరలు, కొనుగోలు ధరలు రెండూ 20 శాతం పెరుగుతాయి. "అయితే రోజూ అదే పెట్టుకోవచ్చుగా?" అని మా అమ్మాయిని అడిగాను. "కొనేటప్పుడు కూడా ఎక్కువ ఇవ్వాలమ్మా, ఎక్కువ అమ్మేవాళ్ళకే లాభం" అంది. ద్రవ్యోల్బణం గురించి నేనైతే అంత తేలిగ్గా చెప్పలేను.

2020లో వచ్చిన న్యూ హొరైజన్స్‌లో అసలు కొట్టే ఉండదు, మనం కట్టించాలి. మూడు రకాల కలప ముప్ఫయ్యేసి, ఇనుప ముక్కలు ముప్ఫై తెచ్చివ్వాలి. ఆ తర్వాత కనీసం 30 రోజులు గడిచి, 2 లక్షల బెల్స్ వ్యాపారం జరిగితే కొట్టు పెద్దదవుతుంది. ఆటలో గడియారం మన గోడ గడియారంతోపాటే నడుస్తుంది. కొట్టు ఉదయం 8కి తెరుస్తారు, రాత్రి 10కి మూస్తారు. మూసేశాక బయట ఉన్న పెట్టెలో సరుకు వేయవచ్చు గానీ అసలు ధరలో 80 శాతమే వస్తుంది, అదీ మర్నాడు. వేళ దాటి వచ్చినందుకు 20 శాతం కోత అన్నమాట. మా అమ్మాయి పదిన్నరకు ఆ పెట్టె దగ్గర నిలబడి, "వద్దులే, రేపొద్దున్నే అమ్ముతా" అని ఆట ఆపేయడం నేను కళ్ళారా చూశాను.

ఆదివారం దుంపల బేరం

ఆదివారం ఉదయం 5 నుంచి మధ్యాహ్నం 12 దాకా డైసీ మే అనే అమ్మాయి టర్నిప్ దుంపలు అమ్ముతూ ఊళ్ళో తిరుగుతుంది. ధర 90 నుంచి 110 బెల్స్ మధ్య ఉంటుంది. సోమవారం నుంచి శనివారం దాకా కొట్టులో వాటిని కొనే ధర రోజుకు రెండుసార్లు మారుతుంది. ఒక్కోసారి 50 లోపుకు పడిపోతుంది, ఎప్పుడో ఒకసారి 500 దాటుతుంది. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి దుంపలు కుళ్ళిపోతాయి. జపాన్ భాషలో 'కబు' అంటే టర్నిప్ దుంప, కంపెనీ వాటా కూడా. సరదా అంతా ఆ మాటలోనే ఉంది.

పొదుపు ఖాతా కూడా ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీన వడ్డీ పడుతుంది. 2020 ఏప్రిల్‌లో ఆ వడ్డీని నెలకు 0.5 శాతం నుంచి 0.05 శాతానికి తగ్గించారు. గడియారం ముందుకు తిప్పి వడ్డీ రాబట్టుకునేవాళ్ళను ఆపడానికే అని ఆడేవాళ్ళు అనుకున్నారు. దానికి సరిగ్గా కొద్దిరోజుల ముందు, మార్చి 27న, మన రిజర్వు బ్యాంకు రెపో రేటును 5.15 నుంచి 4.40 శాతానికి తగ్గించింది. ఆ రోజుల్లో కౌంటర్లలో డిపాజిట్‌దారులకు సమాధానం చెప్పుకున్న మన సహోద్యోగులకు ఆటలోని నూక్ మీద జాలి కలగక మానదు.

నక్క గారి పటాలు

రెడ్ అనే నక్క అప్పుడప్పుడు పడవలో వచ్చి చిత్రపటాలు అమ్ముతాడు. కొన్ని అసలువి, కొన్ని నకిలీవి. నకిలీ మోనాలిసాకు కనుబొమలు పైకెత్తి ఉంటాయి, అసలు చిత్రంలో కనుబొమలే కనిపించవు. తొందరపడి కొంటే మ్యూజియంలోని గుడ్లగూబ తీసుకోడు, నూక్ కొట్టులోనూ కొనరు. ఇక్కడ కూడా పోయేది బెల్సే. మోసపోవడం నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన బడి లేదు.

రెండో రకం నాణెం

ఇదే వరుసలో 2017లో ఫోన్ల కోసం 'పాకెట్ క్యాంప్' వచ్చింది. ఆట ఉచితం. బెల్స్‌తోపాటు లీఫ్ టికెట్లు అనే రెండో నాణెం ఉండేది. ఆడి కొన్ని సంపాదించవచ్చు, నిజమైన డబ్బుతోనూ కొనవచ్చు. సామాను తయారవడానికి పట్టే సమయాన్ని టికెట్లిచ్చి తగ్గించుకోవచ్చు. ఏ వస్తువు వస్తుందో ముందు తెలియని అదృష్టపు బిస్కెట్లు కూడా ఉండేవి. ఇలాంటి చీటీ పద్ధతి మీద బెల్జియంలో ఆంక్షలు రావడంతో 2019లో నింటెండో ఈ ఆటను అక్కడ ఆపేసింది. 2024 చివర్లో అంతటా ఆన్‌లైన్ సేవ ముగించి, ఒక్కసారి కొనుక్కుంటే చాలు, మళ్ళీ డబ్బు అడగని రూపంలో విడుదల చేసింది.

అక్కడ నాకు విషయం అర్థమైంది. ఇంటి ఆటలో నూక్ కొట్టు మా అమ్మాయి దగ్గర తీసుకునేది సమయం, ఓపిక. ఫోనులోని కొట్టు తీసుకునేది ఓపిక పట్టకుండా ఉండటానికి ఇచ్చే డబ్బు. రూపాయలను ముందు రత్నాలుగా మార్చి, తర్వాత రత్నాలను వస్తువులుగా మారుస్తారు. ఆ మధ్యమెట్టు దగ్గరే పిల్లలకు లెక్క తప్పుతుంది. విదేశాలకెళ్ళి ఖరీదు తెలియకుండా ఖర్చు పెట్టే పెద్దవాళ్ళం మనమే ఎంతమందిమి లేం?

తను డబ్బు పెట్టిన ఆటలో 159 రూపాయలకు 80 రత్నాలు. తను కొన్న మంచం 240 రత్నాలు. కాగితం ఇచ్చి లెక్క కట్టమన్నాను. "477 రూపాయలు" అని రాసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. "బొమ్మ మంచానికా అమ్మా?" అంది. నేనింకేమీ అనలేదు.

మా ఇంట్లో పెట్టుకున్న లెక్క

పిన్ ఆ రోజే మార్చాం. అది పిల్ల శిక్ష కాదు, నా తప్పు దిద్దుబాటు. ఏ కొత్త ఆటైనా మొదలుపెట్టే ముందు తను నాకు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కొట్టులో ఎన్ని రకాల నాణేలున్నాయి? వాటిలో ఏదైనా రూపాయలతో కొనేదా? కొనేది ఏమిటో ముందే కనిపిస్తుందా? రెండో ప్రశ్నకు జవాబు అవునైతే, ప్రతి వస్తువు పక్కన రూపాయల ధర తన చేత్తో పుస్తకంలో రాయాలి. 1,272 రూపాయలు పాకెట్ మనీలోంచి నెలకు 106 చొప్పున పన్నెండు వాయిదాల్లో తీరుస్తోంది. నూక్ లాగే వడ్డీ లేదు. గడువు మాత్రం ఉంది, మేం బ్యాంకువాళ్ళం కదా!

పోయిన ఆదివారం తను 97 చొప్పున 200 దుంపలు కొన్నది. బుధవారం ధర 128కి చేరితే సగం అమ్మింది. మిగతా సగం ఇంకా పెరుగుతుందని ఆగింది. శనివారం రాత్రి పది కావస్తుండగా పరుగున వెళ్ళి 61కి అమ్మేసింది. అదే పుస్తకంలో ఇలా రాసుకుంది: "పెట్టింది 19,400. వచ్చింది 18,900. నష్టం 500 బెల్స్." దాని పక్కనే చిన్న అక్షరాలతో మరో మాట. "రూపాయల్లో: 0."