నవ్వించినవారు ఓటడగడానికి వచ్చినప్పుడు

జుక్కల్, అందోల్ రెండూ జహీరాబాద్ పార్లమెంటు స్థానంలోని అసెంబ్లీ నియోజకవర్గాలు. రెండూ ఎస్సీలకు కేటాయించినవే. అందోల్ అనుభవం జుక్కల్ సంఘాలకూ పనికొస్తుందని ఈ వారం ఇది రాస్తున్నాం.

హాస్యనటుడు బాబూమోహన్ గారు మొదట రెవెన్యూ శాఖ ఉద్యోగి. 1991లో వచ్చిన ‘మామగారు’ సినిమాలో కోట శ్రీనివాసరావు గారి పక్కన బిచ్చగాడి వేషం ఆయనను ఇంటింటికీ పరిచయం చేసింది. 1998లో అందోల్ ఉప ఎన్నికలో తెలుగుదేశం ఆయనను నిలబెట్టింది, గెలిచారు. 1999లో మళ్లీ గెలిచి మంత్రి అయ్యారు. అదే ఏడు కోట గారు విజయవాడ తూర్పు నుంచి బీజేపీ తరఫున ఎన్నికయ్యారు. తెరమీది జంట అసెంబ్లీలోనూ కలిసిందన్నమాట!

పార్టీలకు ఇలాంటివారు ఎందుకు కావాలి? కొత్త అభ్యర్థి ఊరూరా తిరిగి తన పేరు చెప్పుకోవాలి. నటుడికి ఆ పని తప్పుతుంది. పైగా హీరో వస్తే జనం దూరంగా నిలబడి చూస్తారు, హాస్యనటుడు వస్తే మనవాడే అనుకుని దగ్గరికి వెళ్తారు. ఆ చనువే ఓటవుతుంది. అయితే ఆ చనువు ఒకవైపుదే. ఆయన మనకు తెలుసు, మన ఊరి కష్టం ఆయనకు తెలుసో లేదో అడిగితేనే తేలుతుంది.

అందోల్ ప్రజలు ఆ తేడా కనిపెట్టారని మా అభిప్రాయం. 2004లో, 2009లో ఆయనను ఓడించారు. 2014లో టీఆర్ఎస్ అభ్యర్థిగా వస్తే గెలిపించారు. 2018లో ఆ పార్టీ టికెట్ ఇవ్వలేదు. బీజేపీ తరఫున 2018లో, 2023లో పోటీచేసి ఓడిపోయారు. 2024 మార్చిలో సువార్తికులు కె.ఏ. పాల్ గారి ప్రజాశాంతి పార్టీలో చేరారు. సభలకు జనం రావడం వేరు, ఓటు పడడం వేరు. ప్రసంగీకులమైన మాకూ ఇది వర్తిస్తుంది.

నటులు పాలనకు పనికిరారని మేము అనడం లేదు. ఉక్రెయిన్‌లో జెలెన్‌స్కీ, పంజాబ్‌లో భగవంత్ మాన్ హాస్యం నుంచే వచ్చారు. ఏమి చూసి ఎన్నుకోవాలన్నదే ప్రశ్న. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. అక్కడి తగాదా రోజూ జరిగే పంపకం గురించి. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదన్నారు. అప్పుడు సంఘం మంచి సాక్ష్యము, జ్ఞానము ఉన్న ఏడుగురిని ఏర్పరచుకుంది. తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ వినిపించే జుక్కల్‌లో ఏ తండాకు, ఏ వాడకు పింఛను అందలేదో తెలిసినవారు కావాలి కదా.

ఇంకొక మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, కనుక ఈ రెండు చోట్లా వారు పోటీచేయలేరు. ఓటు మాత్రం ఉంది. అందుకే మన ప్రశ్న గట్టిగా ఉండాలి.

క్రిస్మస్ సభకు సినిమా ముఖమైనా, పార్టీ ముఖమైనా వస్తే ప్రేమతో కేకు పెట్టండి. ప్రసంగ వేదిక, మైకు మాత్రం ఇవ్వకండి. ఆరాధన ముగిశాక బయట చెట్టుకింద కుర్చీలు వేసి కూర్చోబెట్టి, లెండి ప్రాజెక్టు నీళ్లు మద్నూరు, బిచ్కుంద పొలాలకు ఎప్పుడు చేరతాయో అడగండి. సమాధానం సంఘ కార్యదర్శి రాసుకోవాలి, తారీఖుతో సహా.