తాళంచెవి ఎవరి చేతిలో?

మెయిల్ రాసినా, వాట్సాప్‌లో మాట్లాడినా, టెండరు వేసినా, ఫోన్లో యాప్ అప్‌డేట్ చేసుకున్నా... వెనకాల కంటికి కనపడని తాళం ఒకటి పడుతూనే ఉంటుంది. దాన్ని బద్దలుకొట్టడం ఇప్పటికైతే ఎవరి తరమూ కావట్లేదు. అందుకే దొంగల కన్నంతా తాళంచెవి మీద!

డీఎస్సీ అంటే మనకు టీచరు పోస్టులే గుర్తొస్తాయి. ఆడిటరు ఆఫీసులో ఆ మాటకు అర్థం వేరు... డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. రిటర్నుల గడువు ముంచుకొచ్చే రోజుల్లో వెళ్తే కొన్ని ఆఫీసుల్లో ఓ దృశ్యం కనిపిస్తుంది. అసిస్టెంటు సొరుగు లాగి పాత స్వీటు డబ్బా బయటికి తీస్తాడు. దాన్నిండా పెన్‌డ్రైవుల్లాంటి టోకెన్లు. ఒక్కోదానికీ కాగితం ముక్క అతికించి కంపెనీ పేరు, కొన్నిటికి ఆ కిందనే పిన్ నంబరు కూడా రాసి ఉంటాయి. ఒకటి ఏరి కంప్యూటరుకు గుచ్చి, నంబరు కొట్టి, బటన్ నొక్కితే చాలు. ఆ సమయానికి ఇంట్లో భోజనం చేస్తున్న డైరెక్టరుగారు సంతకం పెట్టేసినట్టే!

ఆ డైరెక్టరుగారు అజాగ్రత్త మనిషేం కాదు. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి సొంత తమ్ముడికైనా ఇవ్వరు. కానీ చట్టం దృష్టిలో చేతి సంతకంతో సమానమైన ఆ టోకెన్‌ని మాత్రం ఏళ్ల తరబడి వేరొకరి సొరుగులో వదిలేశారు. ఐటీ చట్టం-2000లోని 42వ సెక్షన్ ఈ విషయంలో సూటిగానే ఉంది. టోకెన్‌లోని తాళంచెవిని, అంటే ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత దాని యజమానిదే. అది పరాయి చేతుల్లో పడితే వెంటనే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు తెలపాలి. తెలిపేదాకా జరిగినదానికి పూచీ కూడా యజమానిదే.

తాళంచెవిని కాపాడుకోవాలన్న ఈ జాగ్రత్త డైరెక్టర్లకూ టెండర్లు వేసే కాంట్రాక్టర్లకూ మాత్రమే కాదు, ఫోను వాడే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. ఎందుకంటే టోకెన్ లేకపోయినా తాళంచెవి మాత్రం అందరి దగ్గరా ఉంది.

హుండీ సూత్రం

అసలు ఆ టోకెన్‌లో ఉన్నదేంటి? ఓ పేద్ద సంఖ్య. అంతే. ఆ సంఖ్య అంత పని ఎలా చేస్తుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

వేల ఏళ్లపాటు రహస్యలేఖ అంటే ఒకటే పద్ధతి. రాసినవారి దగ్గరా చదివేవారి దగ్గరా ఒకే రకం తాళంచెవి ఉండాలి. మరి దాన్ని ముందుగా అవతలివారికి చేరవేసేదెలా? గుట్టుగా చెవిని పంపే దారే ఉంటే ఆ దారిన ఉత్తరాన్నే పంపుకోవచ్చుగా! రాజుల వేగులనుంచి ప్రపంచయుద్ధాల సైన్యాల దాకా అందర్నీ వేధించిన ఈ చిక్కుముడిని 1976లో స్టాన్‌ఫర్డ్‌లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ విప్పారు. మరుసటి ఏడాది ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ దానికి పనికొచ్చే లెక్కను కనిపెట్టారు. వాళ్ల పేర్లలోని తొలి అక్షరాలే ఆర్ఎస్ఏ. తమాషా ఏంటంటే, బ్రిటిష్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో పనిచేసే జేమ్స్ ఎల్లిస్, క్లిఫర్డ్ కాక్స్ అంతకుముందే ఈ దారి పట్టారు. కానీ రహస్యాల గురించిన ఆ రహస్యం 1997 దాకా బయటికి రాలేదు.

ఈ కొత్త పద్ధతి అర్థంకావాలంటే గుడికెళ్తే చాలు. హుండీలో ఎవరైనా కానుక వేయొచ్చు. వేసినవాళ్లు కూడా దాన్ని తిరిగి తీయలేరు. తెరిచే తాళంచెవి దేవస్థానం దగ్గరే ఉంటుంది. పబ్లిక్ కీ అంటే ఆ హుండీ. దాన్ని ఊరంతటికీ పంచిపెట్టొచ్చు. మీకు రహస్యం పంపాలనుకున్నవాళ్లు అందులో వేస్తారు. తీయగలిగేది మీ దగ్గరున్న ప్రైవేట్ కీ ఒక్కటే.

సంతకం దగ్గరికొచ్చేసరికి ఇదే పని తిరగబడుతుంది. ప్రైవేట్ కీతో మీరు వేసిన ముద్రను పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు, మరొకరు మాత్రం వేయలేరు. పైగా ముద్ర పడ్డాక పత్రంలో ఒక్క కామా మారినా పట్టిచ్చేస్తుంది, పార్సిలు మీది లక్క ముద్ర చిట్లినట్టు.

దీనంతటికీ ఆధారం చిన్నపిల్లల ఎక్కం. 61ని 53తో హెచ్చించమంటే క్షణంలో 3233 అని చెబుతారు. అదే 3233 ఇచ్చి, ఏ రెండు సంఖ్యల్ని హెచ్చిస్తే ఇది వచ్చిందో చెప్పమంటే? ఒక్కోటీ భాగించి చూసుకుంటూ పోవాల్సిందే. 1977లో రివెస్ట్ బృందం 129 అంకెల సంఖ్యను ఇచ్చి, దాన్ని విడగొట్టినవాళ్లకు 100 డాలర్లు ఇస్తామంది. కోట్ల కోట్ల ఏళ్లు పడుతుందని అంచనా. అయితే 1994లో వందలమంది వాలంటీర్లు ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లు కలిపి నెలల వ్యవధిలో విడగొట్టేశారు. అయినా పద్ధతి చెడలేదు, సంఖ్యలే పెరిగాయి. ఇవాళ మామూలుగా వాడే 2048 బిట్ల ఆర్ఎస్ఏ సంఖ్యలో 617 అంకెలుంటాయి. రేపటి క్వాంటమ్ కంప్యూటర్లు ఈ లెక్కను తేల్చేస్తాయన్న ముందుచూపుతో, వాటికీ లొంగని కొత్త పద్ధతులకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది.

పుస్తకమైతే సరే!

లెక్క దొరికినా చాలాకాలం దాన్ని వాడింది సైన్యాలూ బ్యాంకులే. మామూలు మనుషుల మెయిళ్లు పోస్టుకార్డుల్లాగే తిరిగేవి, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. అమెరికాలోని కొలరాడోలో ఉండే ఫిల్ జిమ్మర్‌మన్ అనే ప్రోగ్రామర్ 1991లో ఆ కార్డుకు కవరు తొడిగాడు. ‘ప్రెటీ గుడ్ ప్రైవసీ’ అని పేరుపెట్టి ఉచితంగా పంచాడు. అదే పీజీపీ.

అప్పటి అమెరికా చట్టాల ప్రకారం గట్టి ఎన్‌క్రిప్షన్ (సమాచారానికి ఇలా తాళం వేయడం) ఆయుధాల జాబితాలో ఉండేది. అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. పీజీపీ ఇంటర్నెట్ ఎక్కి దేశాలు దాటేసరికి జిమ్మర్‌మన్ మీద మూడేళ్లపాటు విచారణ నడిచింది. 1996 జనవరిలో కేసు పెట్టకుండానే ముగించారు. ఈలోగా ఎంఐటీ ప్రెస్ పీజీపీ సోర్స్ కోడ్‌ని పుస్తకంగా అచ్చువేసింది. ఫ్లాపీలో వెళ్తే ఆయుధం, అదే కోడు కాగితం మీదైతే భావప్రకటన స్వేచ్ఛ! 1997లో తర్వాతి వెర్షన్ పుస్తకాలను యూరప్‌లో పేజీ పేజీ స్కాన్ చేసి తిరిగి ప్రోగ్రాముగా కూర్చారు. జర్మనీలో వెర్నర్ కోచ్ తయారుచేసిన ఉచిత రూపం జీఎన్‌యూ పీజీ 1999లో తొలి పూర్తిస్థాయి వెర్షన్‌గా వచ్చింది.

హక్కు దక్కింది. వాడటం మాత్రం వంటపట్టలేదు. అదే ఏడాది ఆల్మా విటెన్, డగ్ టైగర్ అనే పరిశోధకులు 12 మందిని కూర్చోబెట్టి 90 నిమిషాలు గడువిచ్చి పీజీపీతో మెయిల్ పంపమన్నారు. సంతకంతో సహా సరిగ్గా పంపగలిగినవారు మూడోవంతే. ముగ్గురైతే రహస్యాన్ని తాళమే వేయకుండా పంపేశారు. కొందరు పాపం తమ హుండీలో తామే వేసుకున్నారు, అవతలివారికి పంపాల్సినదాన్ని సొంత పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేశారు.

ఇది చదువుకోని వాళ్ల ఇబ్బంది కాదు. 2012 డిసెంబరులో బ్రెజిల్‌లో ఉన్న జర్నలిస్టు గ్లెన్ గ్రీన్‌వాల్డ్‌కి మారుపేరుతో ఓ మెయిల్ వచ్చింది. మీకు ఆసక్తికరమైన సమాచారం ఇస్తాను, ముందు పీజీపీ పెట్టుకోండి అని. చూద్దాంలే అని పక్కనపెట్టాడు. ఎలా పెట్టుకోవాలో వీడియో తీసి పంపినా కదల్లేదు. విసిగిపోయిన ఆ మనిషి, అప్పటికే పీజీపీ వాడుతున్న డాక్యుమెంటరీ దర్శకురాలు లారా పోయిట్రస్‌కు రాశాడు. అతని పేరు ఎడ్వర్డ్ స్నోడెన్. 2013 జూన్‌లో ప్రపంచాన్ని కుదిపేసిన అమెరికా నిఘా కథనం, ఓ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే బద్ధకం వల్ల గ్రీన్‌వాల్డ్ చేజారబోయింది!

అవునా, నువ్వేనా?

ఈ పాఠాన్ని మెసేజింగ్ యాప్‌లు బాగా ఒంటబట్టించుకున్నాయి. మనిషికి చెవి ఇచ్చి దాచుకోమంటే దాచుకోడు. కాబట్టి ఫోనే తయారుచేసుకుని, ఫోనే దాచుకునేలా చేశాయి. మాక్సీ మార్లిన్‌స్పైక్, ట్రెవర్ పెరిన్ రూపొందించిన సిగ్నల్ ప్రొటోకాల్‌ను వాట్సాప్ 2016 ఏప్రిల్ నాటికి అందరికీ వర్తింపజేసింది. వంద కోట్లమంది పొద్దున లేచేసరికి వాళ్లకు తెలియకుండానే కవరు అందుకున్నారు. పైగా ఇందులో ఒక్కో మెసేజీకి ఒక్కో తాళం, వాడేసిన చెవిని అక్కడికక్కడే చెరిపేస్తారు. ఇవాళ ఫోను దొంగ చేతికి చిక్కినా, దారిలో ఎప్పుడో పట్టుకుని దాచిపెట్టుకున్న పాత మెసేజీలు తెరుచుకోవు. పీజీపీలో ఆ వీలు లేదు. ప్రైవేట్ కీ ఒక్కటి పోతే ఏళ్లనాటి మెయిళ్లన్నీ తెరుచుకుంటాయి. మామూలుగా వాడితే సబ్జెక్టు లైనూ, ఎవరు ఎవరికి రాశారన్నదీ తాళం బయటే ఉంటాయి.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. హుండీ మీద దేవుడి పేరుంది సరే, అది ఆ గుడిదేనని నమ్మకమేంటి? ఎవరో దారి పక్కన నకిలీ హుండీ పెట్టి ఉంటే? 2016లో అచ్చం ఇదే జరిగింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ పేరుతో, ఆయన కీకి ఉన్న ఎనిమిది అక్షరాల గుర్తుతోనే, మరో కీ పబ్లిక్ సర్వర్లలో ప్రత్యక్షమైంది. అది ఆయనది కాదు. కీ పూర్తి గుర్తును (ఫింగర్‌ప్రింట్) చూడకుండా చివరి ఎనిమిదే సరిపోల్చుకునేవారు మోసపోవడానికి ఆ కాస్త చాలు. ఇలాంటి మోసాలకు విరుగుడుగానే పీజీపీ అభిమానులు ఒకచోట చేరి, పాస్‌పోర్టులు చూపించుకుని, ఒకరి కీ మీద ఒకరు సంతకాలు చేసుకునే ఆనవాయితీ పెట్టుకున్నారు. పెళ్లిసంబంధానికి తెలిసినవాళ్లు పూచీ చెప్పినట్టన్నమాట.

వాట్సాప్‌లోనూ ఆ ఏర్పాటుంది. కాంటాక్టు పేరు నొక్కి ‘ఎన్‌క్రిప్షన్’ అన్నచోటికి వెళ్తే 60 అంకెల సంఖ్య, క్యూఆర్ కోడ్ కనిపిస్తాయి. ఎదురెదురుగా కూర్చుని ఒకరి ఫోనుతో ఒకరిది స్కాన్ చేస్తే మధ్యలో మూడోమనిషి లేడని తేలిపోతుంది. ఆ పేజీని మనలో ఎందరు తెరిచి చూశాం?

సంతకం సరే, మనిషో!

మెసేజీల్లో మోసపోతే ఒకరిద్దరికే నష్టం. సాఫ్ట్‌వేర్ మీద పడే సంతకంలో తేడా వస్తే లక్షలమందికి ముప్పు. ఫోన్లో యాప్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ, అది పాత యాప్ చేసినవారి కీతోనే సంతకమై వచ్చిందా అని ఆండ్రాయిడ్ చూసుకుంటుంది. కాకపోతే గుమ్మంలోనే ఆపేస్తుంది. అందుకే డెవలపర్లకు ఆ కీ ప్రాణం. ఒకప్పుడు అది పోతే యాప్‌కి అప్‌డేట్ ఇచ్చే దారే ఉండేది కాదు, కొత్త పేరుతో మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. ఇప్పుడు ప్లే స్టోర్‌లో అసలు కీని గూగుల్ దాచిపెట్టే ఏర్పాటు వచ్చింది.

కీని పగలగొట్టలేనివాళ్లు కాజేస్తారు. ఇరాన్ అణుకేంద్రాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ 2010లో బయటపడినప్పుడు, దానిమీద తైవాన్ కంపెనీలు రియల్‌టెక్, జేమైక్రాన్ల అసలుసిసలు సంతకాలున్నాయి. దొంగిలించిన కీలతో చేసినవవి. విండోస్ వాటిని చూసి నమస్కారం పెట్టి లోపలికి పంపింది.

కాజేయడం కూడా కుదరకపోతే? నమ్మకాన్ని సంపాదిస్తారు. లినక్స్‌లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాముకు ‘జియా టాన్’ పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేశారు. అలసిపోయిన అసలు నిర్వాహకుడి నమ్మకం పొంది, విడుదలల మీద తన కీతో సంతకం చేసే స్థాయికి చేరారు. 2024 తొలినాళ్లలో దొడ్డిదారి పెట్టిన వెర్షన్ విడుదల చేశారు. సంతకం పక్కా, కీ పక్కా. మార్చి 29న ఆ బండారం బయటపెట్టింది ఏ భద్రతా యంత్రాంగమూ కాదు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు. పెట్టింది ఎవరన్నది సంతకం చెబుతుంది, పెట్టినవారి మనసులో ఏముందో చెప్పదు.

మాకూ ఒక చెవి ఇవ్వండి

తాళం పగలదని తెలిశాక ప్రభుత్వాలు కూడా చెవి వైపే చూస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన ఐటీ నిబంధనలు, అవసరమైతే ఒక మెసేజీని తొలుత పంపినవారెవరో పెద్ద మెసేజింగ్ సంస్థలు చెప్పాలన్నాయి. పిల్లల మీద అఘాయిత్యాలు, అల్లర్లు రేపే పుకార్లు... దర్యాప్తు సంస్థల వాదనలో పస లేకపోలేదు. అలా చెప్పాలంటే ఎన్‌క్రిప్షన్‌ని నీరుగార్చాల్సిందేనంటూ వాట్సాప్ ఆ మేలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. బలవంతపెడితే దేశం విడిచి వెళ్తామని 2024లో కోర్టులోనే చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ వాదనలకు నేపథ్యం.

లెక్క తెలిసినవాళ్ల అభ్యంతరం ఒకటే. మంచివాళ్లకు మాత్రమే తెరుచుకునే దొడ్డిగుమ్మం ఎవరూ కట్టలేరు. మారుచెవి తయారైతే దాన్ని కాజేసేవాళ్లూ తయారవుతారు.

ఇవి చేసి చూడండి

* వాట్సాప్ బ్యాకప్ క్లౌడ్‌లోకి వెళ్తుంటే ‘ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్’ ఆన్ చేయండి. లేదంటే తలుపుకు తాళంవేసి కిటికీ తెరిచినట్టే.
* టెలిగ్రామ్‌లో మామూలు చాట్లకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ రక్షణ ఉండదు, ‘సీక్రెట్ చాట్’లకే ఉంటుంది.
* కుటుంబసభ్యులతో, డబ్బు వ్యవహారాలు నడిపేవారితో ఒకసారి క్యూఆర్ కోడ్ సరిచూసుకోండి. సెక్యూరిటీ కోడ్ మారిందన్న సందేశం వస్తే ఫోన్ చేసి అడగండి.
* పీజీపీ వాడితే కీతోపాటే దాన్ని రద్దుచేసే సర్టిఫికెట్ కూడా తయారుచేసి, కంప్యూటరుకు దూరంగా భద్రపరచండి.
* ప్రోగ్రామర్లు ప్రైవేట్ కీ ఉన్న ఫైలును పొరపాటున కూడా గిట్‌హబ్‌లోకి ఎక్కించొద్దు. ఎక్కితే తుడిచేస్తే చాలదు, ఆ కీనే మార్చేయాలి.

1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్ అనే పండితుడు ఓ సూత్రం చెప్పాడు. తాళం ఎలా పనిచేస్తుందో శత్రువుకు తెలిసినా నష్టం లేకుండా ఉండాలి, చెవి దక్కకపోతే చాలు. ఆర్ఎస్ఏ, పీజీపీ, సిగ్నల్... అన్నిటి తయారీ విధానమూ అందుకే బహిరంగం.

మన నాయనమ్మలు కెర్కాఫ్‌ని చదవలేదు. ఇనప్పెట్టె ఏ గదిలో ఉందో, అందులో ఎన్ని కాసుల పేరుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. తాళాల గుత్తి మాత్రం ఆవిడ బొడ్లోనే ఉండేది, నిద్రలో కూడా. ఈసారి రిటర్ను గడువు వచ్చినప్పుడు ఆడిటరుగారి స్వీటు డబ్బాలోంచి మీ టోకెన్ అడిగి తెచ్చుకోండి. పిన్ మార్చండి. సంతకం అవసరమైన రోజున వెళ్లి, పక్కన కూర్చుని మీరే నొక్కండి. పది నిమిషాల పని.