మేఘాల కబురు, మామిడి పూత, మన బాధ్యత

జూన్, జూలై నెలల్లో బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు వెళ్ళినవారికి తోతాపురి కాయల రాశులు, బారులు తీరిన ట్రాక్టర్లు కనిపిస్తాయి. అయితే ఆ రాశుల భవితవ్యం చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లో చెట్టు పూతకు వచ్చే వేళకే తేలిపోతుంది. మామిడి పూయాలంటే అంతకుముందు కొంతకాలం పొడి వాతావరణం, చల్లని రాత్రులు కావాలి. ఈశాన్య రుతుపవనాల వానలు ఆలస్యంగా కొనసాగితే చెట్టు పూతకు బదులు కొత్త చిగుళ్ళు వేస్తుంది. పూత విచ్చుకున్నాక వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది. తేమకు బూడిద తెగులు, పక్షికన్ను తెగులు, తేనెమంచు పురుగు చేరతాయి. 2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను ముంచెత్తిన వానలను మనం మరచిపోలేదు. తాతల నాటి కార్తెల లెక్క ఇప్పుడు తరచూ తప్పుతోంది. మరి రైతు దేనిని ఆధారం చేసుకోవాలి?

చేతిలోని ఫోను చెప్పగలిగినది

భారత వాతావరణ విభాగం, భారత వ్యవసాయ పరిశోధనా మండలి కలిసి 2019లో ‘మేఘదూత్’ అనే యాప్‌ను రైతులకు అందుబాటులోకి తెచ్చాయి. రానున్న ఐదు రోజుల వాన, ఉష్ణోగ్రత, గాలి, తేమ వివరాలు, వాటికి తగిన సాగు సలహాలు మంగళ, శుక్రవారాల్లో అందులో వస్తాయి. పిడుగుల ముప్పును హెచ్చరించేందుకు ‘దామిని’ యాప్ ఉంది. పొలాల్లో, చెట్ల కింద పనిచేసేవారికి ఇది ప్రాణరక్షణ విషయం.

ఈ సమాచారం డబ్బుగా మారేది చిన్న చిన్న నిర్ణయాల్లోనే. రేపు వాన ఉందని తెలిస్తే నేడు మందు కొట్టడం మానుకుంటాం. మందు ఖర్చు, కూలి ఖర్చు మిగులుతాయి. వాన వస్తుందంటే బోరు నీరు ఒక తడి ఆదా అవుతుంది. ఈదురుగాలుల హెచ్చరిక ఉంటే పక్వానికి వచ్చిన కాయను ముందే కోసుకుంటాం.

ఖరీదైన ఫోను లేకున్నా ఈ మేలు అందగలదని కర్నూలు జిల్లా దేవనకొండ మండలం నిరూపించింది. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడి 175 మంది రైతులకు ఎప్పుడు విత్తనం వేయాలో తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. జూన్ మొదట్లో కురిసిన జల్లులకు తొందరపడక, సందేశం వచ్చేవరకు ఆగిన వేరుశనగ రైతులకు సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు వెల్లడించాయి.

ఇది అగోచర జ్ఞానమా?

వాన సంగతి అల్లాహ్‌కే తెలుసు కదా, యాప్‌ను నమ్మడం విశ్వాసానికి భంగం కాదా అని మన పెద్దలు కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నలోని దైవభీతిని మేము గౌరవిస్తున్నాము. వర్షాన్ని కురిపించేవాడు అల్లాహ్‌యేనని సూరా లుఖ్మాన్ 34వ వాక్యం బోధిస్తుంది. అదే ఖుర్ఆన్, సూరా ఆరాఫ్ 57వ వాక్యంలో, తన కారుణ్యానికి ముందు శుభవార్తగా గాలులను పంపేది ఆయనేనని తెలుపుతుంది. అంటే సూచనలను సృష్టించినవాడు కూడా ఆయనే. ఆ గాలిని, తేమను కొలిచి అంచనా వేయడం జోస్యం కాదు. అంచనా తప్పవచ్చు, తప్పుతుంది కూడా. కనుకనే దానిని సలహాగా తీసుకోవాలి, భరోసా అల్లాహ్‌పై ఉంచాలి. ముందు ఒంటెను కట్టి, ఆపై దైవాన్ని నమ్ముకోమన్న ప్రవక్త (స) బోధన మనకు తెలిసినదే. మదీనాలో ఖర్జూరపు చెట్ల పరాగ సంపర్కం విషయంలో కూడా, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని ఆయన (స) సాగుదారుల అనుభవానికి విలువనిచ్చారు.

పూత మీద బేరం

ఇక్కడే మన ఇళ్ళకు సంబంధించిన ముఖ్యమైన మాట ఒకటుంది. మన ప్రాంతంలో తోటను పూత మీదే, పిందె మీదే బేరమాడుకునే అలవాటు ఉంది. పండు పక్వత స్పష్టం కాకముందు అమ్మడాన్ని ప్రవక్త (స) వారించారు. అల్లాహ్ పంటను ఆపివేస్తే, సోదరుని సొమ్మును ఏ హక్కుతో తీసుకుంటావన్నదే అందులోని న్యాయం. రుతువులు తప్పుతున్న ఈ రోజుల్లో ఆ నిషేధంలోని కరుణ మరింత స్పష్టమవుతోంది. ఐదు రోజుల ముందుచూపు ఐదు నెలల తర్వాతి కాపుకు హామీ కాదు. ఫోనులో వాతావరణం చూశామన్న ధీమాతో ఈ జూదానికి దిగరాదు. తోట ఇచ్చేవారు, తీసుకునేవారు ఒప్పందానికి ముందే ధర్మవేత్తలను సంప్రదించి సమ్మతమైన పద్ధతిని ఎంచుకోవాలి.

యాప్ తీర్చలేని కష్టం

సాంకేతికతకు హద్దులున్నాయి. 2025లో కాయ విరగకాసింది, ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు అందేలా, ఫ్యాక్టరీలు 8, తాను 4 రూపాయలు భరించేలా ప్రభుత్వం ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఆ కష్టాన్ని ఏ వాతావరణ సూచనా తప్పించలేకపోయింది. అలాగే ఈ-క్రాప్‌లో పేరు లేని కౌలు రైతుకు నష్టపరిహారం, బీమా అందడం కష్టం. కనుక తోట యజమానులు కౌలుదారుకు సాగు హక్కు పత్రం దక్కేలా సహకరించాలి. సంతకానికి వెనుకాడి పేదవాని హక్కును ఆపడం అమానతుకు తగదు.

మనం చేయగలిగినది స్వల్పమే కావచ్చు. ఇంట్లో చదువుకున్న అమ్మాయి మంగళ, శుక్రవారాల్లో సలహాను నాన్నకు, పక్క పొలం రైతుకు చదివి వినిపించవచ్చు. సందేహముంటే రైతు సేవా కేంద్రంలో అడగవచ్చు. జుమా తర్వాత మస్జిద్ ఆవరణలో వాన కబురు నలుగురికీ చెప్పవచ్చు. పంట చేతికొచ్చాక ఉష్ర్ తీయడం మరువరాదు. వాననీటి పంటలో పదో వంతు, శ్రమించి నీరు తోడిన పంటలో ఇరవయ్యో వంతు పేదల హక్కు.

మనం నాటిన చెట్టు నుంచి మనిషిగానీ, పక్షిగానీ, పశువుగానీ తిన్నదంతా మనకు దానంగా నమోదవుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ చెట్టును కాపాడుకునేందుకు తెలివిని వాడుదాం. మిగిలినదానికి చేతులెత్తి దుఆ చేద్దాం.