కఠిన లోహపు ఉంగరములు – ప్రమాదములు

కఠిన లోహపు ఉంగరములు అనగా బంగారము, వెండి, రాగి వంటి మెత్తని లోహములకు బదులుగా టంగ్‌స్టన్ కార్బైడ్, టైటానియం, కోబాల్ట్-క్రోమియం, స్టెయిన్‌లెస్ స్టీలు వంటి గట్టి పదార్థములతో చేసిన ఉంగరములు. వీటికి సులభముగా గీతలు పడవు, మెరుపు తొందరగా తగ్గదు, ధర కూడా బంగారముతో పోల్చదగినది కాదు. వీటితో చిక్కు ధరించునపుడు కాదు, అత్యవసరముగా తీయవలసి వచ్చినపుడు ఎదురవుతుంది. వాచిన వేలి నుండి బంగారు ఉంగరమును క్షణాలలో కత్తిరించే పనిముట్టు వీటిలో కొన్నింటి మీద అసలు పనిచేయదు. అయితే "అట్టి ఉంగరము ఇరుక్కుంటే వేలు తీసివేయవలసిందే" అని కొందరు చెప్పుకొనే మాట నిజము కాదు. ఏ పదార్థమో తెలిస్తే ప్రతిదానికీ తొలగించే పద్ధతి కలదు.

హైదరాబాదులో

పంజగుట్ట, సోమాజిగూడ రహదారి పెద్ద బంగారు నగల దుకాణములకు ప్రసిద్ధి. దాని పక్క మెట్రో స్టేషనే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు శిక్షణా కేంద్రముల కొరకు జిల్లాల నుండి వచ్చి హాస్టళ్ళలో ఉండే యువతీయువకులు ఇక్కడ వేలాదిగా కనిపిస్తారు. బంగారము కొనే స్తోమత లేని వయస్సులో కాలిబాట మీది ఫ్యాన్సీ బళ్ళ దగ్గరో, ఇంటర్నెట్టులోనో నల్లని, బూడిద రంగు ఉంగరములు కొని తొడుగుకొనుట సహజమే. అమ్మేవారు అన్నింటినీ "స్టీలు" అనో, "టైటానియం" అనో చెప్పి అమ్ముతారు. బంగారమునకు 2021 జూన్ నుండి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి అయినది. వెండికి కూడా హాల్‌మార్కు పద్ధతి ఉన్నది. ఈ కఠిన పదార్థములకు మాత్రము అట్టి ముద్ర ఏదీ లేదు. కనుక వేలికి ఉన్నది ఏమిటో ధరించినవారికే తెలియకపోవుట ఇక్కడి అసలు సమస్య.

విచిత్రమేమిటంటే ఈ పదార్థములు నగరమునకు కొత్తవి కావు. కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) 1973లో స్థాపించబడినది, అక్కడ టైటానియం మిశ్రమములు తయారవుతాయి. అమీర్‌పేటకు దగ్గరలోనే ఉన్న సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామిక వాడలలో లేతు యంత్రము మీద ఉక్కును చెక్కే కార్బైడ్ బిట్టు, వేలికి తొడిగే "టంగ్‌స్టన్" ఉంగరము ఒకే కుటుంబమునకు చెందినవి. ఉక్కును కోసే పదార్థమును ఉక్కు రంపముతో కోయలేము అన్న సంగతి లేతు పనివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

పదార్థములు, వాటి స్వభావము

కాఠిన్యమును కొలిచే మోస్ కొలమానములో వజ్రమునకు 10, బంగారమునకు సుమారు 2.5, టైటానియంకు 6, టంగ్‌స్టన్ కార్బైడ్‌కు సుమారు 9. కాఠిన్యము వేరు, దృఢత్వము వేరు. కార్బైడ్ ఎంత కఠినమో అంత పెళుసు. అది వంగదు, ఒత్తిడి మించితే గాజువలె పగులుతుంది. టైటానియం ఇందుకు భిన్నముగా పగలదు, కొంత కష్టముతో తెగుతుంది.

దుకాణములలో టంగ్‌స్టన్ ఉంగరము అని పిలిచేది శుద్ధ టంగ్‌స్టన్ కాదు. టంగ్‌స్టన్, కర్బనము కలిసిన పొడిని కోబాల్ట్‌తో గాని, నికెల్‌తో గాని బంధించి, అధిక ఉష్ణోగ్రతలో గట్టిపరచి చేస్తారు. ఈ విద్య 1920వ దశకములో జర్మనీలో యంత్ర పనిముట్ల కొరకు పుట్టినది. అప్పటి వ్యాపార నామము "విడియా", అనగా "వజ్రము వలె" అని అర్థము. ఇక టైటానియం ముడి ఖనిజమైన ఇల్మనైటు మన శ్రీకాకుళం, భీమునిపట్నం తీరపు ఇసుకలలోనే ఉన్నది.

వేలికి జరిగేది

వేలి కణుపు వేలి మొదలు కంటె లావు. అందుచేతనే ఉంగరము జారిపోకుండా నిలుస్తుంది, అందుచేతనే వాచినపుడు బయటకు రాదు. దెబ్బ తగులుట, బెణుకుట, కాలుట, తేనెటీగ కుట్టుట, గర్భిణీ స్త్రీలకు నీరు పట్టుట మొదలైన వాటివలన వేలు వాస్తుంది. ఉంగరము కదలదు కనుక ముందుగా పలుచని గోడలు గల సిరలు నొక్కుకొనిపోతాయి. రక్తము వేలిలోనికి వస్తూనే ఉంటుంది, తిరిగి పోదు. వాపు ఇంకా పెరుగుతుంది. చివరకు ధమనులు కూడా మూసుకొంటే వేలు నల్లబడి, గంటల వ్యవధిలో కణజాలము చనిపోవచ్చును. తిమ్మిరి, నీలి రంగు, చల్లదనము కనిపించిన తరువాత ఉదయము వరకు వేచి ఉండరాదు.

మరొక ప్రమాదము ఉంగరము ఎక్కడైనా తగులుకొని వేలి చర్మమును ఒలుచుకొని పోవుట. లారీ మీది నుండి గాని, గేటు మీది నుండి గాని, కదులుతున్న బస్సు నుండి గాని దూకునపుడు ఇది జరుగుతుంది. ఇట్టి గాయములను 1981లో అర్బానియాక్ అనే అమెరికా వైద్యుడు, ఆయన సహచరులు మూడు తరగతులుగా విభజించారు. మూడవ తరగతిలో చర్మము పూర్తిగా ఊడిపోవుట గాని, వేలే తెగిపోవుట గాని జరుగుతుంది. అమెరికా టెలివిజన్ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ 2015లో ఇంటిలో జారిపడినపుడు ఉంగరము బల్లకు తగులుకొని, ఆయన వేలికి ఆరు గంటల శస్త్రచికిత్స అవసరమైనది. బంగారు ఉంగరముతో కూడా ఇది జరుగుతుంది. కాని మెత్తని ఉంగరము కొంత వంగి తెరుచుకొనే అవకాశము ఉన్నది, టైటానియం అట్లు లొంగదు.

న్యాయముగా చెప్పవలెనంటే కాఠిన్యము అన్ని వేళలా చెడ్డది కాదు. చేయి తలుపు సందున నలిగినపుడు మెత్తని బంగారు ఉంగరము సొట్టబోయి కండలో దిగబడుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ తన ఆకారమును నిలుపుకొంటుంది, లేదా పగిలిపోతుంది. పగిలిన ముక్కల అంచులు మాత్రము కోసుకొంటాయి.

తొలగించు పద్ధతులు

మొదట చేతిని గుండె కంటె ఎత్తున కొంతసేపు ఉంచి, చల్లని నీటిలో ముంచి, సబ్బు నురుగు గాని నూనె గాని రాసి, మెల్లగా తిప్పుతూ లాగవలెను. రాకపోతే దారము పద్ధతి కలదు. సన్నని గట్టి దారపు కొసను ఉంగరము క్రింద నుండి అరచేతి వైపుకు దూర్చి, మిగిలిన దారమును ఉంగరము అంచు నుండి గోరు వైపుగా, కణుపు దాటే వరకు సందు లేకుండా బిగించి చుట్టవలెను. తరువాత అరచేతి వైపు కొసను పట్టుకొని గోరు వైపుకు తిప్పుతూ విప్పితే ఉంగరము దారము మీదుగా జరుగుతూ వస్తుంది. వేలికి గాయము ఉన్నా, ఎముక విరిగినా ఈ పద్ధతి తగదు.

బంగారము, వెండి అయితే ఆసుపత్రిలోని చేతి రంపము వంటి రింగు కట్టరుతో ఒకచోట కోసి, విడదీస్తారు. టైటానియంకు గట్టి బిళ్ళ గల విద్యుత్ కట్టరు కావలెను. అది విడదీస్తే వంగదు కనుక సాధారణముగా రెండుచోట్ల కోస్తారు. రాపిడి వేడికి వేలు కాలకుండా నీరు పోస్తూ, ఆగి ఆగి కోయవలెను. ఆందోళనతో వెల్డింగు షాపుకు పరుగెత్తి గ్రైండరు పెట్టించుకొనుట మిక్కిలి ప్రమాదకరము.

టంగ్‌స్టన్ కార్బైడ్‌ను కోయుటకు ప్రయత్నించుట వృథా, దానిని పగులగొట్టవలెను. బిగింపు మరతో ఉండే లాకింగ్ ప్లయరును ఉంగరము మీద తేలికగా పట్టించి, తీసి, మరను కొద్దిగా తిప్పి మరల పట్టించవలెను. ఇట్లు కొంచెము కొంచెముగా బిగిస్తే చిటుక్కున పగులుతుంది. వేరొక చోట కూడా అట్లే చేస్తే ముక్కలుగా ఊడివస్తుంది. కళ్ళకు అద్దములు తప్పనిసరి. సుత్తితో కొట్టరాదు. ఇది వైద్యుల ఎదుట జరిగితే మంచిది.

ఇరుక్కున్న ఉంగరములను అగ్నిమాపక సిబ్బంది తొలగించిన వార్తలు, ముఖ్యముగా కేరళ నుండి, తరచు వస్తుంటాయి. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉన్నది. అది 1960వ దశకములో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అనగా ఎముకల వైద్యము కొరకే మొదలైనది. అంబులెన్సుకు 108, అగ్నిమాపక శాఖకు 101.

ఇతర జాగ్రత్తలు

నికెల్, కోబాల్ట్ కొందరి చర్మమునకు పడవు. ఉంగరము క్రింద దురద, ఎర్రదనము వస్తే తీసివేయవలెను. ఇన్వర్టరు, కారు బ్యాటరీలను ముట్టునపుడు ఏ లోహపు ఉంగరమైనా రెండు కొసలను కలిపితే క్షణములో ఎర్రగా కాగి వేలిని కాలుస్తుంది. ఎం.ఆర్.ఐ. పరీక్షకు, శస్త్రచికిత్సకు ముందు అన్నీ తీయవలసిందే.

బంగారు ఉంగరము బిగుతైతే కంసాలి సాగదీసి ఇస్తాడు. టంగ్‌స్టన్ కార్బైడ్‌ను సాగదీయుట అసాధ్యము, టైటానియంకు ఆ వీలు చాలా స్వల్పము. కనుక వేలు లావెక్కిన కొద్దీ కొత్తది కొనవలెను గాని, పాతదానినే సబ్బు రాసి దూర్చరాదు. కొనునపుడు పదార్థము పేరు రసీదు మీద వ్రాయించుకొనుట, ఆసుపత్రికి వెళ్ళిన వెంటనే ఆ పేరు చెప్పుట వలన వైద్యుడు కోయవలెనా, పగులగొట్టవలెనా అని వెదకులాడే సమయము మిగులుతుంది.