హిడింబ చేసినది వంచనయా?

నిజామాబాదు మండలమునందలి బోధనే భారతమునఁ జెప్పఁబడిన యేకచక్రపురమని స్థానికుల ప్రసిద్ధి. ఉత్తరదేశమునను ఆ పేరు తమదే యనుకొను నూళ్లు గలవు. లింబాద్రి నరసింహక్షేత్రము చెంతనున్న భీమ్‌గల్ పేరిలో భీమశబ్దము వినఁబడినంతమాత్రమున నది పాండవుల జాడ యని నిర్ణయింపఁదగదు. శబ్దసామ్యము చరిత్ర గాదు. అది యట్లుండె. బకవధను దమయూరి కథగాఁ జెప్పికొను నీ సీమయందు, దానికి ముందు నడచిన హిడింబావృత్తాంతము విచారింపఁదగినది. ఆమె మాఱురూపున వచ్చి భీముని వలలో వేసికొన్న మాయావిని యని యొక్కమాటతోఁ ద్రోసివేయువారు గలరు. ఆ మాట యెంతవఱకు నిలుచును?

వంచధాతువు భ్వాదియందు గత్యర్థకము, చురాదియందుఁ బ్రలంభనార్థకము. అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ తృతీయపాదమున 69వ సూత్రముచేఁ బాణిని, ణ్యంతమైన యీ ధాతువునకుఁ బ్రలంభనార్థమున నాత్మనేపదము విధించెను. బాలుని మోసపుచ్చునపుడు 'వంచయతే' యనవలెను. పామును దప్పించుకొని పోవునపుడు 'వంచయతి' యనవలెను. ఎదుటివాని మనస్సునఁ దప్పుజ్ఞానమును బుట్టించుటయే ప్రలంభనము. తప్పించుకొనుట వేఱు, తప్పుద్రోవఁ బట్టించుట వేఱు.

నిద్రించుచున్న పాండవులను జంపి తెమ్మని యన్న పంపఁగా హిడింబ వచ్చి, మేల్కొని కావలి యున్న భీమునిఁ జూచెను. చంపినచో నన్నకును దనకును గలుగు తృప్తి ముహూర్తమాత్రము, బ్రదుకనిచ్చినచో సుఖము పెక్కేండ్లు అని వ్యాసభారతమున నామె లెక్క వేసికొనును. ఈ లెక్కలో స్వార్థము లేదనరాదు. దానిఁ గప్పిపుచ్చుట విమర్శ గాదు. అయినను భర్తృస్నేహము సోదరస్నేహముకంటె బలవత్తరమని తనకుఁ దానే సమాధానము చెప్పికొనుట చూడుఁడు. సోదరస్నేహ మప్పటికే నశించియున్న, దానితోఁ దూచిచూచుట యేల?

పిదప నామె మానుషరూపము దాల్చెను. వంచన యనుట కవకాశ మిచ్చటనే. కాని మాటలాడఁ దొడఁగినతోడనే, తాను రాక్షసుని చెల్లెలననియు, మిమ్ముఁ దినఁగోరి యతఁడు పంపఁగా వచ్చితిననియు జెప్పివేసెను. రూపము మాఱెను, సత్యము మఱుగుపడలేదు. భీముఁ డెఱిఁగియే యామెతో మాటలాడెను. ఆమె వంచించినది, ఆఁకలితో నెదురుచూచుచున్న యన్నను.

మాయాప్రవరుని కథ దీనికిఁ బ్రతికోటి. మార్కండేయపురాణమునందును, దానినుండి కథ గైకొన్న పెద్దన మనుచరిత్రమునందును గంధర్వుఁడు ప్రవరరూపమున వరూధినిని గూడును. ఆ పురాణమును దిక్కన శిష్యుఁడైన మారన తెనిఁగించి, ఓరుఁగంటి ప్రతాపరుద్రుని సేనానియైన గన్నయకుఁ గృతి యిచ్చెను. అచ్చట రూపమును దొంగదే, పేరును దొంగదే. సంగమవేళఁ గన్నులు మూసికొనవలెనను నియమమే యాతని దొంగతనమును బట్టియిచ్చుచున్నది. 'వంచయతే' యనఁదగినది ఇది. వరూధిని చిత్తమునఁ బ్రవరుఁడే నిలిచినందునఁ గొడుకు స్వరోచి యా తేజస్సుతోడనే పుట్టెనఁట! వంచకునికి మిగిలినదేమి?

నిజము చెప్పిన హిడింబకు దక్కినది శంక. హిడింబుఁడు గూలినపిమ్మట, రక్కసులు మాయ నాశ్రయించి పగఁ దీర్చికొందురని భీముఁ డామెను సైతము చంపఁబూనెను, ధర్మజుఁడు వారించెను. మిత్రులను, స్వజనమును, స్వధర్మమును విడిచి వచ్చితినని యామె కుంతితో మొఱపెట్టుకొనెను. తుదకు ధర్మజుఁడు పగలు మాత్రమే భీముని నామెకు విడిచి, రాత్రికిఁ దెచ్చి యప్పగింపవలెనని నియమించెను. పుత్రుఁడు పుట్టువఱకే యని భీముఁడు వేఱొక హద్దు పెట్టెను. ఘటోత్కచుఁడు పుట్టెను. గడువు తీఱినదని యామె మాట తప్పక వెడలిపోయెను. పాండవు లేకచక్రపురమునకుఁ దరలిరి.